వెర్నా ముంచని గిన్నె

అన్యాయం ఎవరికి జరిగింది? వెర్నా పోస్పిషిల్‌కు. ఎలా జరిగింది? పద్నాలుగేళ్ల కిందట, ఆగస్టు నెలలో ఒక ఆదివారం, నెబ్రాస్కాలోని డ్వోరెక్ ఊరి చర్చిలో, పూజ ముగిసి ప్రకటనలు చదివే వేళ, రెండు వందల మంది వింటూండగా మైకులో ఆమె పేరు పలికి, చర్చి పాప్‌కార్న్ మెషీన్‌ను ఆమె నాశనం చేసిందని చెప్పారు. గింజలు పేలే గిన్నెకు కరెంటు తీగలుంటాయని తెలిసి కూడా దాన్ని తొట్టిలో నీళ్లలో ముంచి కడిగిందని చెప్పారు. ఆమె ముంచలేదు. తడిగుడ్డతో తుడిచానని ఆ రోజే చెప్పుకుంది. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ మాట మైకులో చెప్పిన మనిషి ఆర్డిస్ నొవోట్నీ. చెప్పిన రోజున ఆమె దాన్ని నిజమనే నమ్మింది. కాని నమ్మి చెప్పడం వేరు, కనుక్కొని చెప్పడం వేరు. ఆ తేడా తెలిసిరావడానికి ఆమెకు పద్నాలుగేళ్లు పట్టింది. అది కూడా, మెషీన్ అద్దెకు తీసుకోవాలా, కొనాలా అన్న మామూలు ప్రశ్న ఒకటి కమిటీ ముందుకు రాబట్టి తెలిసింది.

మార్చి నెలలో ఒక మంగళవారం సాయంత్రం చర్చి హాలు వంటగదిలో ఉత్సవ కమిటీ సమావేశమైంది. ఆర్డిస్ ఆ కమిటీకి ఇరవై రెండేళ్లుగా అధ్యక్షురాలు. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ నిటారుగా కూర్చుంటుంది. ఎదుటివాళ్లు నిటారుగా కూర్చోకపోతే చూపుతోనే సరిచేస్తుంది. ఈస్టర్‌కు ముందు మాంసం ముట్టని తపస్సుకాలపు శుక్రవారాల చేపల విందుకు ఎన్ని పెట్టెల చేపలు తెప్పించాలో తేలిపోయాక, ధాన్యపు గిడ్డంగి ఆఫీసులో పనిచేసే కెండ్రా తన వంతు వచ్చిందని లేచింది. ఆమె కమిటీలో చేరి ఏడాది కూడా కాలేదు.

కెండ్రా విషయాన్ని నేర్పుగానే విప్పింది. ఆగస్టు ఉత్సవం, వేసవిలో బడి మైదానంలో రెండు సినిమా సాయంత్రాలు, వాలీబాల్ పోటీలు, అక్టోబరులో పేకాట విందు, క్రిస్మస్ సంత, ఇలా ఏడాదికి ఆరుసార్లు చర్చి పాప్‌కార్న్ మెషీన్‌ను అద్దెకు తెస్తోంది. తెచ్చి దించి మళ్లీ తీసుకుపోయే ఖర్చుతో కలిపి ఒక్కోసారికి వంద డాలర్లు. చక్రాల బండితో సహా కొత్తది కొంటే పదకొండు వందలు. రెండేళ్లు తిరగకముందే దాని ధర అదే తెచ్చుకుంటుంది. పైగా ఆగస్టులో చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకే శనివారం ఉత్సవాలు పెట్టుకుంటాయి. మెషీన్ మనకు దొరుకుతుందో లేదోనని ఏటా జూన్ నుంచే ఆరాటపడవలసి వస్తోంది.

అద్దె వైపూ మాటలు లేకపోలేదు. కొంటే ఎక్కడ పెడతారని ఒకరు అడిగారు. వేదిక పక్క గదిలో పెడితే కొబ్బరినూనె వాసనకు ఎలుకలు చేరి, అక్కడే దాచిన క్రిస్మస్ పశువులపాక బొమ్మల గడ్డిని కూడా పీకి పెడతాయి. వాడిన వెంటనే, వేడి ఆరకముందే గిన్నె తుడవకపోతే నూనె నల్లగా అట్టకట్టి ఇక ఊడదు. అద్దె మెషీన్‌కు ఆ బాధలన్నీ అద్దెకిచ్చినవాడివి. బల్బు పోయినా, తలుపు బందు ఊడినా మనకు పట్టదు. ఇవన్నీ సబబైన మాటలే. కెండ్రా కూడా వాటిని కాగితం మీద రాసుకుంది.

అప్పుడు కమిటీలో పెద్దవాడైన ఎమిల్ కాఫీ కప్పు కింద పెట్టి, "కొంటే కొందాం. గిన్నె కడగడానికి మాత్రం వెర్నాను పిలవొద్దు," అన్నాడు.

అందరూ నవ్వారు. అది పద్నాలుగేళ్లుగా నవ్వుతున్న నవ్వు. పాతబడినందువల్ల దాని పదును తగ్గలేదు. కెండ్రా మాత్రం నవ్వలేదు. ఆ కథ తనకు తెలియదంది. ఆర్డిస్ చెప్పింది: పూర్వం చర్చికి సొంత మెషీన్ ఉండేది, ఎర్రది. ఉత్సవం శనివారం మధ్యాహ్నం వెర్నా ఆ గిన్నె పట్టుకొని తొట్టి దగ్గర నిలబడి ఉండగా తాను కళ్లారా చూసింది. గిన్నె తడిగా ఉంది. సాయంత్రం ఐదుంబావుకు, పిల్లలు బారులు తీరి నిలబడి ఉండగా, మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దీపం కూడా వెలగలేదు. ఇక దాన్ని తుక్కు కింద వదిలించుకున్నారు.

"మనదంటూ ఒక వస్తువుంటే దాన్ని పాడుచేసే చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉంటుంది," అని ఆర్డిస్ ముగించింది. "అందుకే అద్దె. ఈ నియమం నేను పెట్టింది."

"నియమం బాగానే ఉంది, మిసెస్ నొవోట్నీ. అద్దెకిచ్చే మనిషే ఉండడు," అంది కెండ్రా. డెల్బర్ట్ క్రాట్కీ జూన్‌లో కొట్టు మూసేసి సామాను అమ్ముకుంటున్నాడట. చర్చి ఎప్పుడూ తీసుకునే మెషీన్‌ను చవకగా ఇస్తానన్నాడట.

ఏ నిర్ణయమైనా వస్తువును చూశాకే అని ఆర్డిస్ తేల్చింది. గురువారం కెండ్రా బండిలో ఇద్దరూ డెల్బర్ట్ కొట్టుకు వెళ్లారు.

డెల్బర్ట్ కొట్టంటే రేకుల షెడ్డు. మూడు కౌంటీల పెళ్లిళ్లకూ ఉత్సవాలకూ కావలసిన గుడారాలు, మడత కుర్చీలు, గాలి నింపే ఆటకోటలు అందులోనే ఉంటాయి. పసుపు రంగు వేసిన పాప్‌కార్న్ మెషీన్ ఒక బల్ల మీద, అద్దాలు తళతళలాడుతూ ఉంది. డెల్బర్ట్ దాన్ని ఎప్పుడూ తానే తెచ్చి దించేవాడు, తానే తీసుకుపోయి శుభ్రం చేసుకునేవాడు. ఇంకొకరిని దాని అడుగున చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. కస్టమర్లు చేతులు కాల్చుకుంటారని చెప్పేవాడు.

"ఏం ఆర్డిస్, అద్దె బేరం కుదరక కొనుగోలుకొచ్చావా?" అన్నాడు.

"ధర చెప్పు. సరసాలు తర్వాత."

"నలభై."

నాలుగు వందలు చెబుతాడనీ, మూడు వందలకు దించాలనీ దారిలోనే అనుకొని వచ్చింది ఆర్డిస్. నలభై అనేసరికి ఆమె మెషీన్‌ను వదిలి మనిషిని చూడసాగింది. ఇంత చవకగా ఇస్తున్నాడంటే ఏదో దాస్తున్నాడు. ఆ మాటే ముఖాన అంది.

డెల్బర్ట్ నొచ్చుకోలేదు. "నేను పెట్టిందే నలభై. అంతకుమించి మీ దగ్గర పుచ్చుకుంటే బాగుండదు. ఇన్నాళ్లూ పుచ్చుకున్నది చాలు," అన్నాడు.

ఆర్డిస్‌కు అర్థం కాలేదు. కెండ్రాకూ కాలేదు. డెల్బర్ట్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అడుగునున్న పళ్లెం లాగి పక్కన పెట్టి, మెషీన్‌ను నెమ్మదిగా పక్కకు ఒరిగించాడు. అడుగున వేడికి గోధుమరంగు తేలిన కాగితపు టేపు ముక్క ఒకటి అంటుకొని ఉంది. డ్వోరెక్‌లో ఏ గిన్నె తిరగేసినా అలాంటి టేపు కనబడుతుంది. నలుగురూ వండి తెచ్చుకునే విందుల్లో ఎవరి పాత్ర వాళ్ల ఇంటికి చేరాలంటే అడుగున పేరుండాలి. ఈ టేపు మీద సిరా వెలిసిపోయినా అక్షరాలు పోలేదు: డ్వోరెక్ చర్చి హాలు, తిరిగి చేర్చగలరు. సిస్టర్ల బడిలో వేళ్ల మీద రూళ్లకర్ర దెబ్బలు తిని నేర్చుకున్న నిలువు అక్షరాలు. ఆర్డిస్ చేతిరాత.



"ఇది మనదే," అంది కెండ్రా మెల్లగా. ఆమె లెక్కల మనిషి. అప్రయత్నంగానే పెదవులు కదిలాయి. ఏడాదికి ఆరు, పద్నాలుగేళ్లు, మొదట్లో అద్దె కొంచెం తక్కువ. "ఏడు వేలకు పైన. మన మెషీన్‌కు మనమే ఏడు వేల డాలర్లు అద్దె కట్టాం."

"మీకు తెలుసనుకున్నాను," అన్నాడు డెల్బర్ట్. "లూమిర్ చెప్పలేదా?"

లూమిర్ ఆర్డిస్ భర్త. చర్చి హాలు బాగోగులు అతనే చూసేవాడు. పోయి నాలుగేళ్లయింది. ఆ పేరు అక్కడెందుకు వచ్చిందో ఆర్డిస్ ఆలోచించలేకపోయింది. న్యాయంగా మాట్లాడాలన్న అలవాటే ఆమె చేత మాట్లాడించింది: తుక్కు కింద కొన్నావు, కాలిపోయినదాన్ని బాగుచేసుకున్నావు, కొత్త గిన్నె వేయించుకున్నావు, రంగు వేసుకున్నావు, అది నీ కష్టార్జితం, దాని మీద అద్దె తీసుకోవడంలో తప్పులేదు.

"రంగు వేశాను, నిజమే. గిన్నె ఎక్కడ మార్చాను?" అన్నాడు డెల్బర్ట్. "అదే గిన్నె. అదే తీగ. ఆ ఆదివారం మధ్యాహ్నం మీ గుడారాలతో పాటు దీన్నీ తెచ్చుకున్నాను. పనికొచ్చే ముక్కలేమైనా మిగిలాయేమో చూద్దామని ఇక్కడ కరెంటు పెట్టాను. వేడెక్కింది. గుప్పెడు గింజలు వేస్తే పేలాయి. కూర్చొని తిన్నాను కూడా. ఇది ఒక్కరోజు కూడా పాడైంది కాదు, ఆర్డిస్."



"మరి ఆ రోజు ఎందుకు ఆగింది?" అని అడిగింది కెండ్రా.

"ఆ రోజు మెషీన్ పెట్టిన గోడ ప్లగ్గులకు ఇంకేం తగిలించారో ఈవిడనే అడుగు," అన్నాడు డెల్బర్ట్.

అడగనక్కర్లేకపోయింది. ఆర్డిస్‌కు ఆ గోడ కళ్లకు కట్టింది. వంటగది తూర్పు గోడ. దాని పొడుగునా కరెంటుతో వేడిచేసే పెద్ద రోస్టరు పాత్రలు, ఒక్కోదానిలో ముప్పై మందికి సరిపడా పంది మాంసం, పుల్ల క్యాబేజీ, పిండి ఉండలు. నాలుగు రోస్టర్లకు మించి ఆ గోడకు తగిలించకూడదని నియమం. ఆ నియమమూ ఆమె పెట్టిందే. ఐదు గంటలకు మాంసం చల్లబడుతోందని ఐదోది తెచ్చి తగిలించింది ఎవరు? తానే. గోడకు ఆవలివైపు, హాలులో, అదే లైను మీద పాప్‌కార్న్ మెషీన్ ఉందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. బరువెక్కువై ఆ లైను స్విచ్చు పడిపోయింది. హాలు దీపాలు వేరే లైనువి, అవి వెలుగుతూనే ఉన్నాయి. రోస్టర్లు మందపాటివి, కరెంటు పోయినా రెండు గంటలు వేడి నిలుపుకుంటాయి. వడ్డన ఏడింటికల్లా అయిపోయింది. చల్లారిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఆగినట్టు కనబడింది ఒక్క పాప్‌కార్న్ మెషీన్. దాని పక్కన నిలబడి ఉన్నది ఒక్క వెర్నా.

"సోమవారం పొద్దున లూమిర్‌కు ఫోన్ చేశాను," అని డెల్బర్ట్ గొంతు తగ్గించాడు. "మీ మెషీన్ లక్షణంగా ఉంది, వచ్చి పట్టుకుపో అన్నాను. ఇప్పుడే హాలులో లైను స్విచ్చు పడిపోయి ఉంటే పైకి వేసి వచ్చాను అన్నాడు. నిన్ననే ఆర్డిస్ మైకులో చెప్పేసింది, ఇప్పుడీ మాట ఎత్తితే ఇంట్లో నేను బతకలేను, నువ్వే ఉంచుకో అన్నాడు. మీ ఇద్దరూ మాట్లాడుకొని అలాగే కానిద్దాం అనుకున్నారని నేను అనుకున్నాను. రెండు నెలల తర్వాత నువ్వే ఫోన్ చేసి అద్దెకు కావాలంటే, సరే, ఈ పెద్దమనుషుల పద్ధతి ఇలా ఉంటుంది కాబోలనుకున్నాను."

ఆర్డిస్ చేతిసంచి తెరిచి రెండు ఇరవై నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆ పని ఆమె చేతులు చేశాయి. ఆమెకు తెలిసి చేసింది కాదు. రసీదు అడగలేదు. రసీదు అడగకుండా ఆమె డబ్బివ్వడం కెండ్రా ఎన్నడూ చూడలేదు.

తిరుగు దారిలో, చాలా దూరం వచ్చాక, కెండ్రా ఓదార్పుగా అంది: "మీకు తెలియదు కదా. తెలిసి దాచింది మీ ఆయన."

ఆ మాట ఆర్డిస్‌కు ఒక తలుపు తెరిచింది. తప్పు చనిపోయినవాడిది. చనిపోయినవాడిని ఎవరూ నిలదీయరు. నాలుగు రోజులు చెప్పుకొని ఊరుకుంటారు. ఇంటికి చేరి వంటింట్లో బల్ల ముందు కూర్చొని ఆమె చాలాసేపు లూమిర్ మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కోపం వచ్చింది కూడా. నలభై ఆరేళ్లు కాపురం చేసి, అందులో పదేళ్లు ఈ సంగతి కడుపులో పెట్టుకొని, ఎదురుగా కూర్చొని సూపు తాగాడు. వెర్నా గుడిలో వెనక బెంచీలో కూర్చొని కాఫీకి నిలవకుండా వెళ్లిపోతుంటే వారం వారం చూశాడు. కాని ఎంత తోసినా కోపం ఒకచోట ఆగిపోయింది. ఇంట్లో బతకలేను అన్నాడు. ఆ మనిషి దొంగ కాదు, పిరికివాడూ కాదు. పిడుగుల వానలో గుడి గోపురం ఎక్కి గంట తాడు మార్చినవాడు. అతను భయపడింది ఈ లోకంలో ఒక్కదానికి. ఆమె తప్పు ఆమెతో చెప్పడానికి.

డెబ్బై నాలుగేళ్లలో తన గురించి ఆమెకు ఎవరూ చెప్పని సంగతి అది. ఆ రాత్రి భోజనం చేయలేదు.

చిన్నప్పుడు జ్ఞానోపదేశం చెప్పిన సిస్టరు ఈ విషయంలో అనుమానానికి తావివ్వలేదు. దొంగిలించిన డబ్బు చాటుగా తిరిగి ఇవ్వవచ్చు, ఎవరికీ తెలియకుండా గడప మీద పెట్టి రావచ్చు. దొంగిలించిన పేరును అలా ఇవ్వడానికి వీల్లేదు. ఎక్కడ తీశావో అక్కడ, ఎందరు చూడగా తీశావో అందరు చూడగా ఇవ్వాలి. ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసుకున్నంత మాత్రాన ఆ బాకీ తీరదు. ఆర్డిస్ ఆ పాఠాన్ని తన పిల్లలకూ చెప్పింది, పరుల పిల్లలకూ చెప్పింది. అయినా శుక్రవారం ఉదయం ఆమె చేసింది చాటు పనే. చర్చి పత్రికలో వేయడానికి మూడు పంక్తులు రాసి కవరులో పెట్టుకొని వెర్నా ఇంటికి నడిచింది.

వెర్నా ఇల్లు ధాన్యపు గిడ్డంగి వెనక వీధిలో చివరిది. ఆమె బడి వంటశాలలో ముప్పై ఏళ్లు వండింది. తలుపు తీసి, ఆర్డిస్‌ను చూసి, ఆశ్చర్యం దాచుకోకుండానే లోపలికి రానిచ్చింది. బల్ల మీద కొలాచీ బన్నుల పిండి ఉండలు చేసి ఉన్నాయి. ఒక్కోదానిలో బొటనవేలితో గుంట నొక్కి ఎండు ప్లమ్ పళ్ల ముద్ద పెడుతోంది.

"కూర్చోమని అననులే. పిండి ఆరిపోతుంది. చెప్పు," అంది.

ఆర్డిస్ నిలబడే చెప్పింది. కొట్టు సంగతి, టేపు సంగతి, ఐదో రోస్టరు సంగతి. లూమిర్ సంగతి కూడా దాచలేదు. వెర్నా చేతులు ఆగిపోయాయి. ఆమె మొహంలో ఆర్డిస్ ఎదురుచూసిన విజయం లేదు.

"అది పాడే కాలేదా?" అంది వెర్నా.

"కాలేదు."

"ఒక్కరోజు కూడానా?"

"ఒక్కరోజు కూడా."

వెర్నా కుర్చీ కోసం తడుముకొని కూర్చుంది. వేలికి అంటిన పండ్ల ముద్దను చూసుకుంటూ మాట్లాడసాగింది. అది ఆర్డిస్‌తో చెబుతున్నట్టు లేదు.

"ముంచలేదని నాకు తెలుసు. కాని మెషీన్ చచ్చిపోయింది గదా. ఎందుకు చచ్చిపోయింది? గుడ్డ సరిగా పిండలేదేమో, నీటిచుక్క లోపలికి దిగిందేమో, అని. స్నానం చేస్తున్నా అదే, నిద్ర పట్టకపోయినా అదే. ఆ గుడ్డ ఎంత తడిగా ఉందో గుర్తు చేసుకోవడానికి చూసేదాన్ని. రానురాను నిజంగానే ముంచానేమో అనిపించేది. బడిలో పిల్లలు గిన్నెలు తెచ్చిచ్చి, మిసెస్ పోస్పిషిల్, ముంచేయండి, అనేవాళ్లు. నేనూ వాళ్లతో పాటు నవ్వేదాన్ని. ముప్పై మూడేళ్లు చేయాల్సిన పని ముప్పయ్యో ఏట మానేశాను. ఎందుకు మానేశావని ఒక్కరూ అడగలేదు."

ఆర్డిస్ పిల్లల మాట ఎప్పుడూ వినలేదు. వినడానికి వెళ్లలేదు గనుక. ఆమె కవరు తీసి బల్ల మీద పెట్టింది. వెర్నా చేయి తుడుచుకొని, విప్పి, చదివింది. పూర్వం చర్చి పాప్‌కార్న్ మెషీన్ విషయంలో జరిగిన ఒక ప్రకటనలో పొరపాటు దొర్లినట్టు ఇటీవల తెలిసిందని, అందుకు కమిటీ చింతిస్తోందని అందులో ఉంది. వెర్నా దాన్ని మళ్లీ మడిచి కవరులో పెట్టి ఆర్డిస్ వైపు తోసింది.

"పొరపాటు దొర్లిందట. దానంతట అదే దొర్లిందా?"

ఆర్డిస్ కవరును సంచిలో పెట్టుకుంది.

"నువ్వు నా గురించి చెప్పినప్పుడు పత్రికలో వేయలేదు. లేచి నిలబడి చెప్పావు. కమిటీ అనలేదు, నేను చూశాను అన్నావు. నా పేరు చెప్పావు," అంది వెర్నా. "నాది నాకు అలాగే ఇవ్వు. సగం ఇస్తానంటే వద్దు. ఇన్నేళ్లూ లేకుండా బతికాను, ఇంకొన్నాళ్లు బతకగలను."

ఆమె మళ్లీ పిండి దగ్గరకు వెళ్లింది. వెళ్లమనలేదు, ఉండమనలేదు.

శనివారం ఆర్డిస్ ఫాదర్ డెనిస్‌ను కలిసి, ఆదివారం ప్రకటనల్లో తాను మాట్లాడాలంది. ఎంతసేపని ఆయన అడిగారు. ఆ రోజు ఒక నిమిషం పట్టింది, ఈసారి ఎక్కువ పడుతుంది అని చెప్పింది. ఆయనకు ఏ రోజో అర్థం కాకపోయినా, ఆమె మొహం చూసి సరేనన్నారు.

ఆదివారం గుడి నిండుగా ఉంది. కెండ్రా నోరు మెదపలేదు గనుక ఊరికి ఏమీ తెలియదు. వెర్నా ఎప్పటిలాగే చివరి నుంచి మూడో బెంచీలో, కోటు విప్పకుండా కూర్చుంది. సత్ప్రసాదం పంచడం అయ్యాక, ప్రార్థన అయ్యాక, శుక్రవారం చేపల విందుకు వడ్డించేవాళ్లు ఇంకో నలుగురు కావాలని ఫాదర్ డెనిస్ చెప్పి, ఆర్డిస్ వైపు తల ఊపారు. ఆమె మైకు దగ్గరకు వచ్చి కాగితం విప్పింది.

"పద్నాలుగేళ్ల కిందట ఇక్కడ చేసిన ఒక ప్రకటన సరికాదని తెలిసింది," అని చదివింది. "చర్చి మెషీన్ చెడిపోవడానికి కారణం వేరని..."

చివరి నుంచి మూడో బెంచీలో వెర్నా లేచి నిలబడింది. వెళ్లిపోవడానికి లేచినట్టు లేదు. ఊరికే నిలబడి చూస్తోంది. ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు.

ఆర్డిస్ కాగితం మడిచేసింది.

"ఆ ప్రకటన నేను చేశాను," అంది. "వెర్నా పోస్పిషిల్ గిన్నెను నీళ్లలో ముంచి మెషీన్‌ను కాల్చేసిందని ఇక్కడే నిలబడి చెప్పాను. అది అబద్ధం. ఆమె ముంచలేదు. మెషీన్ కాలిపోలేదు, ఒక్కరోజు కూడా చెడిపోలేదు. నాలుగే పెట్టాలని మీ అందరికీ చెప్పి, ఐదో రోస్టరు నేనే తగిలించాను. లైను స్విచ్చు పడిపోయింది. గోడ దగ్గరకు వెళ్లి చూడలేదు, ఎవరినీ అడగలేదు. వెర్నా చెబుతుంటే వినలేదు."

ఎమిల్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పిల్లనెత్తుకొని వెనక తిరుగుతున్న ఒక తల్లి నడక ఆపేసింది.

"ఆ మెషీన్ డెల్బర్ట్ దగ్గర ఉంది. పసుపు రంగు వేసి ఉంది. దాన్నే మనం ఇన్నేళ్లూ అద్దెకు తెచ్చుకున్నాం. మన వస్తువుకు మనం ఏడు వేల డాలర్లు కట్టాం. ఏదీ కొనకూడదు, అద్దెకే తేవాలన్న నియమం నా అబద్ధం మీద నేను పెట్టింది. ఈ రోజుతో అది పోయింది. మెషీన్ మొన్న గురువారం తిరిగి కొన్నాం." ఆమె ఊపిరి తీసుకుంది. "నా భర్తకు ఆ మర్నాడు, సోమవారమే తెలిసింది. నాకు చెప్పడానికి భయపడ్డాడు. ఆ భయం పెట్టింది నేను గనుక దాన్ని ఆయన మీద వేయకండి. గిన్నె గురించి నవ్విన ప్రతి నవ్వులోనూ నేను ఉన్నాను. మీరూ ఉన్నారు. ఎవరిది వాళ్లు చూసుకోండి."

ఆర్డిస్ వెనక బెంచీ వైపు చూసింది. వెర్నా ఇంకా నిలబడే ఉంది.

"ఇంకేం మిగిలింది, వెర్నా?" అని అడిగింది. మైకు పక్కకు పెట్టి అడిగినా, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది.

"ఇంతవరకూ వీళ్లతో చెప్పావు," అంది వెర్నా. "నాతో చెప్పలేదు."

ఆర్డిస్ మెట్లు దిగింది. మోకాలు సరిగా వంగని మనిషి; పొడవాటి నడవా. ఎవరూ చెయ్యి అందించలేదు, ఆమె అందుకోవాలనీ చూడలేదు. చివరి నుంచి మూడో బెంచీ దగ్గర ఆగి, ఆ ఊళ్లో ఎవరూ ఆమె నోట వినని మాటలు రెండు అంది.

"తప్పు నాది. నన్ను క్షమించు."

అంత పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతిలో పడితే ఎవరైనా అది నిజమా అని చూసుకుంటారు. వెర్నా కూడా ఆర్డిస్ మొహాన్ని అలాగే, తొందర లేకుండా, మూల మూలా చూసింది. చూసి కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, పక్కకు జరిగి, బెంచీలో చోటిచ్చింది.

"తీరింది," అంది. "మొత్తం తీరింది. కూర్చో."